తెల్ల మూట వెంట తేలినీలాపురం దాకా

మా వదిన ఎస్తేరు మాట కటువుగా ఉంటుంది కాని అందులో అబద్ధం ఉండదు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం నేను సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "నువ్వు ముగ్గురత్తల కోడలివే రూతమ్మా. ఏ ఒక్క అత్తకీ వేళకి అన్నం ఎట్టలేవు" అంది.

ఆ ముగ్గురత్తలు ఎవరో ముందే చెప్పేస్తాను. మొదటిది దేవుని పని. విజయనగరంలో మా సంఘం స్త్రీల సమాజం తరఫున శుక్రవారాలు ఇళ్లకు వెళ్లి వాక్యం చదివి, ప్రార్థన చేసి వస్తాను. ఏ ఊరి సంఘమైనా పిలిస్తే వెళ్లి నాలుగు మాటలు చెబుతాను. రెండోది చేతిపని. కుట్టుమిషను, సాయంత్రాలు పిల్లలకు చదువు, ఎండాకాలం ఊరగాయలు. మా ఆయన ఎలక్ట్రీషియన్ పనీ, నా ఈ పనులూ కలిసి ఇల్లు నడుస్తుంది. మూడోది పక్షులు. దాన్ని పని అనడానికి నాకే సిగ్గు. పాత బైనాక్యులర్ ఒకటి, గీతల్లేని నోటుపుస్తకం ఒకటి. కనబడిన పక్షిని బొమ్మ గీసుకుని పక్కన తేదీ వేసుకుంటాను, అంతే.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. నాన్న రైల్వేలో గ్యాంగుమన్. ఊరికి దూరంగా రైలుగేటు పక్కన క్వార్టర్సులో పెరిగాను. అమ్మ బైబిలు మీద నా వేలు పెట్టించి అక్షరాలు దిద్దించింది. నాన్న రైళ్ల టైంటేబుల్ ముందు పెట్టి కూడికలూ తీసివేతలూ చెప్పాడు. తంతితీగ మీద వాలిన పిట్టల పేర్లు చెప్పిందీ ఆయనే. అందుకే కాబోలు, ఈ మూడూ నాకు మూడు వేర్వేరు పనుల్లా ఎప్పుడూ అనిపించలేదు. గడియారానికి మాత్రం వేర్వేరే.

జనవరి నెల చివరి ఆదివారం నౌపడ దగ్గర ఒక పల్లె సంఘంలో కోత పండుగ. అక్కడ వర్తమానం, అంటే ప్రసంగం, చెప్పమని నన్ను పిలిచారు. మర్నాడు సోమవారం నరసన్నపేటలో ఒక పెళ్లి. పెళ్లికూతురు సువార్త శ్రీకాకుళంలో నర్సు. ఆమె రవిక నేనే కుట్టాను. ఆ రవిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సువార్తకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. పిన్ని పెంచింది. తల్లి పెళ్లినాటి తెల్లపట్టుచీర పెట్టెలో మడతల మీద చిరిగిపోతే, మిగిలిన మంచి ముక్కలోంచి ఈ రవిక కత్తిరించాను. జానెడు గుడ్డ కూడా మిగల్లేదు. అంటే ఇది పాడైతే మరొకటి లేదు. ఆదివారం సాయంత్రం ఆరులోపు తెచ్చి, తొడిగి చూపించి వెళ్లాలని పిన్నిగారి షరతు. ఆరున్నరకు మగపెళ్లివారు వస్తారట, ఆ తర్వాత ఎవరికీ తీరిక ఉండదట.

కోత పండుగ జరిగే ఊరికి ఆటోలో పావుగంట దూరంలోనే తేలినీలాపురం. శీతకాలంలో గూడబాతులనే పెలికన్లూ ఎర్రకాళ్ల కొంగలూ ఎక్కడినుంచో వచ్చి ఆ ఊళ్లో చెట్లమీద పిల్లల్ని పెడతాయి. బైనాక్యులర్ సంచిలో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. వదిన ఆ మాట అన్నది అప్పుడే. తీసి బీరువా మీద పెట్టేశాను. ఈసారికి మూడో అత్త ఇంట్లోనే ఉంటుందనుకున్నాను.

ఉదయం అయిదున్నరకు ఇంట్లోంచి బయల్దేరాను. పలాస వెళ్లే పాసింజరుకు ముప్పై అయిదు రూపాయల టికెట్టు. బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆదివారం కాబట్టి కిటికీ పక్కన చోటు దొరికింది. దేవునికి స్తోత్రం. ఎందుకంటే రవిక ఎడమచేతి అంచుకు ఒక వరస ముత్యాలు ఇంకా కుట్టాల్సి ఉంది. నెల్లిమర్ల దాటాక వెలుతురు వచ్చింది. సూది తీశాను.

పొందూరులో ఒకామె తేగల బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నా చేతుల వంకే చూస్తోంది.

"ఏటమ్మా, ఎవులికి కుడతన్నావు?"

"పెళ్లికూతురికి."

"పెళ్లికి తెల్లదా!" అని ఆమె బుగ్గ నొక్కుకుంది. "మాలో అయితే తెల్లరవిక ఎప్పుడు తొడుగుతారో నాను సెప్పకూడదు. మంచిమాట సెప్పుకుందాం."

మా పెళ్లిళ్లలో పెళ్లికూతురికి తెల్లదే శుభమని చెప్పాను. "ఎవులి దేవుడి ముచ్చట ఆళ్లది" అని ఒప్పేసుకుని, ఒక తేగ విరిచి నా చేతిలో పెట్టింది. శ్రీకాకుళం రోడ్డులో ఆమె దిగిపోయింది. ఉర్లాం దాటాక వంశధార వచ్చింది. నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఆఖరి ముత్యం అక్కడే కుట్టాను. దారం తెంపి, రవికను మెత్తని తువ్వాల్లో చుట్టి, తెల్లటి దిండు గలీబులో పెట్టి మూతి కట్టాను. పట్టుకు ఏ రంగూ అంటకూడదని కొత్త తెల్ల గలీబు తెచ్చాను. దాని జత గలీబులో మా పెరటి పెసలు రెండు శేర్లు ఉన్నాయి. అవి కోత పండుగ కానుక. రెండు మూటలూ సంచిలో అటూ ఇటూ దొర్లకుండా ఒకే నాడాతో కలిపి కట్టాను. ఆ నాడా కట్టడంలో నాకు చాలా తెలివి కనిపించింది అప్పుడు.

తొమ్మిది ఇరవైకి నౌపడలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ, టీ కలిపి నలభై రూపాయలు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో కారం ఎక్కువ. దూరాన ఉప్పుమళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. పల్లెకు షేర్ ఆటో ఇరవై రూపాయలు.

ఇక్కడి కోత పండుగలో ఒక పద్ధతి ఉంది. నేను మరెక్కడా చూడలేదు. ధాన్యం, పెసలు, మినుములు, చోళ్లు అనే రాగులు, ఎవరేం తెచ్చినా తెల్లగుడ్డలో మూటకట్టి, ముడి వేసి తేవాలి. ఎవరి మూటలో ఎంత ఉందో ఎవరికీ తెలియకూడదు. ప్రార్థన గుడిలో ప్రభువు బల్ల ముందు వరసగా పెడతారు. ఆరాధన అయ్యాక విప్పకుండానే వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఇంటికి వెళ్లి విప్పుకుంటారు. గుడి ఆవరణలో ముడి విప్పడం తప్పు. ఏ మూట ఎంతకు పోయిందన్నది కూడా బయట చెప్పుకోరు. చుట్టుపక్కల హిందువులు కూడా వచ్చి పాడతారు. ఆ గింజ తమ విత్తనంలో కలిపితే పంటకు మంచిదని వాళ్ల నమ్మకం.

గుడి గుమ్మం దగ్గర మూటలు అందుకోవడం దీనమ్మ పని. యాభై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది. "వందనాలమ్మా! రండి, రండి, మీకోసమే సూస్తన్నాం" అంది. నేను చెప్పులు విప్పి, సంచిలోంచి జంటమూట బయటికి తీశాను. నాడా విప్పి పెసలమూట ఒక్కటీ ఇద్దామని ముడి మీద వేలు పెట్టానో లేదో, లోపల్నుంచి పాస్టరుగారు "అమ్మగారూ, ప్రారంభ ప్రార్థన మీరే చెయ్యాలి, రావాలి" అని పిలిచారు.

"ఒక్క నిమిషం పట్టుకో దీనమ్మా" అని జంటమూట ఆమె చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తాను.

ఆ గుమ్మంలో, ఆ రోజు, దీనమ్మ చేతిలో తెల్లమూట పెట్టి "పట్టుకో" అంటే అర్థం ఒక్కటే. ఆ సంగతి నాకు తట్టలేదు.

ప్రార్థన చేశాను. పాటలయ్యాయి. పదిన్నరకు వర్తమానం చెప్పాను. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి చెప్పి, చివర్న నా సొంతమాట ఒకటి కలిపాను. "అక్కచెల్లెళ్లారా, ఇచ్చేదాకా మన ముడి. ఇచ్చాక మళ్లీ ఆ ముడివైపు చూడొద్దు." అందరూ ఆమెన్ అన్నారు. దీనమ్మ ఆమెన్ అందరికంటే గట్టిగా వినిపించింది.

వేలం మొదలైంది. ఎర్ర కండువా వేసుకున్న ముసలాయన ఒకరు, ఒకే నాడాకు వేలాడుతున్న రెండు తెల్లమూటల కోసం పట్టుదలగా పాడుతున్నాడు. ఇంకొకాయన వెనక్కి తగ్గగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ నాడా ఎక్కడో చూసినట్టుందని కూడా అనుకున్నాను. మనసు మొద్దుబారితే కళ్లు ఉండి ఏం లాభం!

ఒంటిగంటకు ప్రేమవిందు. అన్నం, పప్పు, కోడికూర, వంకాయ. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, సంచి దగ్గరికి వెళ్లాను. బైబిలు ఉంది. దారాల డబ్బా ఉంది. నీళ్లసీసా ఉంది.

"దీనమ్మా, నా మూటేదీ?"

"బల్ల దగ్గర ఎట్టీసినానమ్మా. పోనాది కూడాను. తేలినీలాపురం అప్పన్న పాడుకున్నాడు. మీరు సప్పట్లు కొట్టినారు కదా."

ఒక దాంట్లో పెళ్లికూతురి రవిక ఉందని చెప్పాను. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఓలమ్మా! గింజలనుకున్నాను! ఒకటి తేలిగ్గానే ఉన్నాది. అయినా సూడనేదు. మీరే కదమ్మా సెప్పినారు, ఇచ్చాక ముడివైపు సూడొద్దని!"

నా మాట నాకే ఎదురొచ్చి నిలబడింది. పాస్టరుగారు గడ్డం నిమురుకుని, "అమ్మగారూ, పొరపాటున పెట్టింది కానుక కాదు. వెళ్లి తెచ్చుకోండి. మీరేం సందేహపడకండి" అన్నారు. అప్పన్న భోజనానికి ఆగకుండా మోపెడ్ మీద వెళ్లిపోయాడట. అతనికి ఫోనంటే పడదట. టైము ఒంటిగంటా నలభై. ఆరింటికి నరసన్నపేటలో ఉండాలి.

ఆటో మాట్లాడుకున్నాను, ఒక్కదాన్నే కాబట్టి నూట యాభై. ఆటో అతను దారిలో విషయం విని, "అప్పన్న మంచోడేనమ్మా. ఆడి పెళ్లాం సూరమ్మ ఉన్నాదే, ఆవిడ ముందు మా ఆటోలు కూడా హారన్ కొట్టవు" అన్నాడు. నేను కళ్లు మూసుకుని "తండ్రీ, ఆ గుడ్డ ఆ పిల్ల తల్లిది" అని మాత్రం అనుకున్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు.

రెండుగంటలకు తేలినీలాపురం చేరాం. చెట్లమీద పక్షుల రొద ఊరి బయటికే వినబడింది. తల ఎత్తలేదు. సందు మలుపులో ఆ రొదను మించిన గొంతు ఒకటి వినిపించింది. ఆటో అతను "అదే ఇల్లు" అన్నాడు. చెప్పక్కరలేకపోయింది.

"ఇన్నేళ్లు కాపరం సేసినాను! నాను బొట్టెట్టుకుని తిరగడం నీ కళ్లకి నచ్చనేదేటి? నువ్వు గుండ్రాయిలా బతికుండగానే నాకు తెల్లరవిక తెస్తావా?"

"ఒసే, నానేటి కావాలని తెచ్చినానా? దేవుడి గింజలని పాడినాను. మూటలో ఏటున్నాదో నాకేటి తెలుసు?"

"దేవుడు గింజలిస్తాడు గాని రవికలిస్తాడేటి?"

అరుగు మీద అప్పన్న ఎర్ర కండువాతో కూర్చున్నాడు. ఒళ్లో విప్పిన పెసలమూట. ఎదురుగా సూరమ్మ, సన్నటి మనిషి, నుదుట రూపాయంత బొట్టు. నేను అడుగు ముందుకు వేసి, "అమ్మా, ఆ రవిక నాది" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. బొట్టులేని నా నుదురు చూసింది. నా లేతరంగు చీర చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"నీదా? నీ రవిక మా మావ దగ్గరికెలాగొచ్చినాది?"

వెనకాల ఆటో అతను ఫక్కున నవ్వాడు. అతని నవ్వే నాకు ధైర్యమిచ్చింది. ఊపిరి తీసుకుని మొదటినుంచీ చెప్పాను. నాడా, దీనమ్మ, వేలం, చప్పట్లు. మా పెళ్లిళ్లలో పెళ్లికూతురు తెల్లబట్టలే కడుతుందని చెప్పాను. ఇది తల్లిలేని పిల్లదని, చచ్చిపోయిన తల్లి పెళ్లిచీరలోంచి కుట్టిందని చెప్పాను.

సూరమ్మ ముఖంలో కోపం ఒక్కసారిగా వెళ్లిపోయింది. దాని స్థానంలో భయం వచ్చింది.

"పెళ్లికూతురిదా? ఓలప్పా! నాను దాన్ని పెరట్లోకి ఇసిరీసినాను."

పెరటి దడి మీద పడి ఉంది రవిక. దడి పైన చింతచెట్టు. చింతచెట్టు నిండా గూళ్లు. రవిక ఎడమచెయ్యి మీద, పొద్దున రైల్లో కుట్టిన ముత్యాల మీదుగా, అరచేయంత మేర ఆకుపచ్చా తెలుపూ కలిసిన రెట్ట. ఇంకా తడిగానే ఉంది. చేపలు తినే పక్షుల రెట్ట. ఆ వాసన వర్ణించను.

తువ్వాలుతో తుడవబోయాను. సూరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"సెయ్యెట్టకు! తడిమీద రుద్దితే పోగులోకి ఎల్లిపోతాది. ఆరనీ. ఆరితే అదే రాలతాది. ఈ ఊళ్లో పుట్టినదాన్ని, నాకు తెలదేటి? ఆరు నెలలు మేం బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటాం. కోపంలో బుద్ధి పోనాది నాకు."

దాన్ని చెట్టుకు దూరంగా ఎండలో మంచం మీద పరిచింది. కుంకుడుకాయలు నాలుగు రోట్లో చితక్కొట్టి గోరువెచ్చటి నీళ్లలో వేసింది. పట్టు కాబట్టి నీళ్లు మరీ వేడి కాకూడదని నేను చెబితే, మోచేయి ముంచి చూసింది, పసిపిల్లకు స్నానం పోసేముందు చూసినట్టు. ఆ తర్వాత మేం ముగ్గురం అది ఆరేదాకా కూర్చోవడం తప్ప చెయ్యగలిగింది లేదు.

అప్పుడు తల ఎత్తాను.

నేను ఈ ఊరికి ఇంతకుముందు రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ రోడ్డు మీదే నిలబడి బైనాక్యులర్లోంచి చూసి, టైము చూసుకుని వెళ్లిపోయాను. ఎవరి పెరట్లోనూ కూర్చోలేదు. ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. అవసరమూ లేకపోయింది. నా తలకు రెండు నిలువుల ఎత్తున గూడబాతు ఒకటి వచ్చి వాలింది. ముక్కు కింద సంచి బరువుగా వేలాడుతోంది. బూడిదరంగు పిల్ల ఒకటి లేచి, తల్లి నోట్లోకి మెడదాకా తల దూర్చేసింది. తల్లి అలా ఓపిగ్గా నోరు తెరుచుకుని నిలబడింది. పక్క కొమ్మమీద ఎర్రకాళ్ల కొంగ, తోక దగ్గర గులాబీరంగు ఈకలతో, పుల్ల ఒకటి తెచ్చి గూట్లో ఇటు పెట్టి, నచ్చక అటు పెట్టింది. కాజా కుట్టి విప్పి మళ్లీ కుట్టే నేనే గుర్తొచ్చాను.

"అయ్యి మా ఆడపిల్లలమ్మా" అన్నాడు అప్పన్న. "పురిటికొస్తాయి. పిల్లల్ని తీసుకుని ఎల్లిపోతాయి. రాని ఏడు ఊరు ఊరులాగుండదు."

"పురిటికొచ్చినోళ్లు ఎవులైనా పుట్టింట్లో పనిసేస్తారా? మురికి సేసి ఎల్తారు. కడుక్కోడమే మన పని" అంది సూరమ్మ, రవిక వైపు నుంచి చూపు తిప్పకుండా.

నోటుపుస్తకం లేదు. వర్తమానం రాసుకున్న కాగితం బైబిల్లో ఉంది. దాని వెనకవైపు గూళ్లు లెక్కపెట్టి రాసుకున్నాను. ఆ ఒక్క చెట్టుమీదే పదకొండు. పిల్ల తల దూర్చిన బొమ్మ గీశాను. సూరమ్మ గిన్నెలో చోడంబలి, ఉల్లిపాయ తెచ్చి పెట్టింది. ప్రేమవిందు తిన్న కడుపులో చోటు లేదు కాని కాదనలేదు. చల్లగా హాయిగా దిగింది.

మూడుగంటలకు రెట్ట ఆరింది. సూరమ్మ గోటితో మెల్లగా తడితే పొడిగా రాలిపోయింది. ముత్యాల మధ్య సూదిమొనతో నేను తీశాను. ఆ ఒక్క చెయ్యే కుంకుడురసంలో ముంచి, పిండకుండా తువ్వాళ్ల మధ్య ఒత్తి, ఆరబెట్టడానికి ఆమె ఒక ఉపాయం చేసింది. కుంపట్లో నిప్పులు, వాటిమీద చిటికెడు సాంబ్రాణి, పైన బోర్లించిన వెదురుగంప, గంపమీద రవిక. బాలింత ఇంట్లో పసిపిల్ల బట్టలు అలాగే ఆరేస్తారు. సెగ ఎక్కువ కాకుండా ఆమె చెయ్యి గంపమీదే ఉంచి కూర్చుంది.

ఆరాక చూస్తే మరక పోయింది, ఒక్కచోట తప్ప. అంచుకు పైన పెసరగింజంత పసుపుచాయ. ఇంకోసారి ఉతికితే గుడ్డ తట్టుకోదు. పాతపట్టు. దారాల డబ్బాలో మిగిలిన ముత్యాలు చూశాను. ఏడున్నాయి. అరుగు మీద కూర్చుని మధ్య ఒకటి, చుట్టూ ఆరు కుట్టాను. చిన్న పువ్వు. సూరమ్మ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, డెబ్భై ఏళ్ల కళ్లతో, మొదటిసారికే.

"అమ్మా, ఈ పెసలు పట్టుకెల్లిపో" అన్నాడు అప్పన్న.

"అవి నిజంగా ఇచ్చినవే తాతా. మీ విత్తనంలో కలుపుకోండి."

"అయితే ఈ పెసల గలీబు మాత్రం నాను ఉతికి ఉంచుతాను" అంది సూరమ్మ. "ఇప్పుడివ్వను. ఒచ్చే ఏడు ఆడపిల్లలొచ్చినప్పుడు నువ్వూ వచ్చి పట్టుకెల్లు. పెళ్లికూతురికి సెప్పు, తేలినీలాపురం ముసిల్ది తప్పు సేసినాది, సల్లగుండమన్నాదని."

నాలుగింటికి అదే ఆటోలో టెక్కలి. ఆగినంతసేపుకూ డబ్బులేమీ అడగలేదతను. "సినిమా సూపించినారు కదమ్మా" అన్నాడు. నాలుగున్నరకు శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కోటబొమ్మాళి దాటేదాకా నిలబడే ఉన్నాను, మూట గుండెలకు ఆనించుకుని. నా మనసులో మాత్రం ఒక పోరు నడుస్తోంది. ముత్యాల పువ్వు ముందునుంచీ అనుకున్నదే అన్నట్టుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెళ్లిముందు ఆ పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకు? కాని పొద్దున్న ఆ గుడిలో నిలబడి మాట్లాడిన నోరే ఇది. సాయంత్రానికి మూసుకుంటే ఎలా?

అయిదూ నలభైకి నరసన్నపేటలో సువార్త ఇంటికి చేరాను. పందిరి వేస్తున్నారు. పిన్నిగారు మేరీరత్నమ్మ నన్ను చూడగానే గడియారం చూసి, "బతికించావు" అంది. లోపలిగదిలో రవిక ఇచ్చే ముందే మొత్తం చెప్పేశాను. వేలం, దడి, రెట్ట, కుంకుడురసం, ఆ ఏడు ముత్యాల కింద ఏముందో కూడా.

పిన్నిగారి ముఖం మాడింది. "మా అక్క చీర అది" అంది, అంతే.

సువార్త రవిక తీసుకుని తొడుక్కుంది. హుక్సు నేనే పెట్టాను. ఎడమచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"సాంబ్రాణి" అంది. తర్వాత నవ్వింది. "రోజూ పురిటి వార్డులో ఉండేదాన్ని, నాకు మరకలు కొత్తా అక్కా? పోయినవి పోతాయి, పోనివాటిమీద దుప్పటి కప్పుతాం. నువ్వు ముత్యాలు కప్పావు."

అద్దం వైపు తిరిగింది. "పిన్నీ, అమ్మకి కూడా ఇలాగే ఉండేదా?"

మేరీరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "మీ అమ్మ సెయ్యి నీకన్నా లావే. కొంచెం తిండి తినమంటే ఇనవు" అంది. ముగ్గురం నవ్వాం. నా గుండెల మీది బరువు అక్కడ దిగింది. పెళ్లికి ఉండమన్నారు కాని సోమవారం పిల్లల చదువు మానడానికి లేదు. సూరమ్మ దీవెన చెప్పి వచ్చేశాను.

నరసన్నపేటలో టీ తాగి శ్రీకాకుళం బస్సు, అక్కడ మారి విజయనగరం బస్సు. ఇద్దరు మనుషుల సీటు నాకొక్కదానికే దొరికింది. చిలకపాలెం దగ్గర వదిన ఫోన్ చేసింది.

"ఏ అత్త అలిగినాది?"

"ఎవరూ అలగలేదు వదినా. ముగ్గురికీ ఒకే ఇంట్లో భోజనమైంది."

"అయినా కోడలే తిట్లు తిని ఉంటాది" అంది వదిన. కొద్దిగా తిన్నానని ఒప్పుకున్నాను.

ఫోన్ పెట్టేసి బైబిలు తెరిచాను. కాగితానికి ఒకవైపు వర్తమానం, రెండోవైపు పదకొండు గూళ్లూ, నోట్లో తల పెట్టిన పిల్లా. అంచున నేను గుచ్చి మరిచిపోయిన సూది, దానికి జానెడు తెల్లదారం. పొద్దున బయల్దేరినప్పుడు మూడింటిలో ఒకదాన్ని ఇంట్లో వదిలేశానే అనుకున్నాను. నన్ను నడిపించేవాడు దేన్నీ వదలలేదు. స్తోత్రం చెప్పుకుని సూది తీసి డబ్బాలో పెట్టాను.

ఆ ఊరు వెళ్లదలచినవారికి ఒకటే చెబుతాను. ఉదయం పాసింజరుకు నౌపడలో దిగితే దగ్గర. తెల్లబట్టలు కట్టుకోవద్దు. బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. ఎవరి అరుగు మీదైనా ఒక గంట కూర్చోండి.

మా మంచంమీద ఇప్పుడు ఒక దిండుకు తెల్ల గలీబు, దాని జత సూరమ్మ దగ్గరుంది కాబట్టి ఇంకోదానికి పూల గలీబు. జత కుట్టుకోవే అని వదిన రోజూ అంటోంది. తెల్లగుడ్డ ఉంది, మిషనూ ఉంది. నేనే కుట్టడం లేదు.